పావుకిలోనా, కిలోన్నరా?

అర లీటరు పాల ప్యాకెట్టు తూకం వేస్తే సుమారు 515 గ్రాములు తూగుతుంది. కుర్రకారు మోజుపడి, నెలల తరబడి ఎదురుచూసి కొనుక్కున్న ఫుజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ కెమెరా బ్యాటరీ, మెమరీ కార్డుతో కలిపి 521 గ్రాములు. అంటే అచ్చంగా పాల ప్యాకెట్టంత. అదే దుకాణంలో పక్క అరలో ఉండే సోనీ ఎ7 ఫోర్ బాడీకి ఆ కంపెనీదే 24-70 ఎఫ్/2.8 జూమ్ లెన్సు, అదీ తేలికపరిచిన రెండో తరంది, తగిలిస్తే 1,350 గ్రాములు. హుడ్డు, ఫిల్టరు, బెల్టు కలుపుకుంటే కిలోన్నరను ఆనుకుంటుంది. మరో మూల కూర్చున్న రికో జీఆర్ త్రీ మాత్రం 257 గ్రాములే. పావుకిలో వంకాయలంత బరువు, ప్యాంటు జేబులో ఇమిడిపోయేంత సైజు.

కెమెరా కొనడానికి దుకాణం మెట్లెక్కినవాళ్లు మెగాపిక్సెళ్లు ఎన్ని అంటారు, జూమ్ ఎంత అంటారు, వీడియో ఫోర్‌కే వస్తుందా అంటారు. ‘ఏదీ, ఒకసారి చేతికివ్వండి, బరువెంతుందో చూస్తాను’ అనేవాళ్లు అరుదు. ఇక బెల్టు సంగతి అడిగే నాథుడే ఉండడు. అది పెట్టెలో ఊరికే వస్తుంది కదా! ఫలితం చాలా ఇళ్లలో కనిపిస్తూనే ఉంది. కొత్తలో పిల్లాడి పుట్టినరోజుకీ, అరకు ప్రయాణానికీ మెడలో వేలాడిన డీఎస్‌ఎల్‌ఆర్ ఏడాది తిరిగేసరికి బీరువాలో పట్టుచీరల పక్కకు చేరుతుంది. పాడైపోయి కాదు. జేబులో ఫోను ఉండగా దాన్ని మోసే ఓపిక లేక.

అందుకని రోజువారీ ఫొటోల కోసం కెమెరా కొనేవాళ్లు మొదట తేల్చుకోవలసింది అది ఒంటిమీద ఎక్కడ ఉంటుందన్నది. జేబులోనా, చేతిలోనా, మెడలోనా, నడుము పక్కనా? చోటు తేలితే బరువు తేలుతుంది. బరువు తేలితే సగం కెమెరాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఈ బరువు పేచీ ఇవాళ్టిది కాదు. హైదరాబాద్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844-1905) రోజుల్లో ఫొటో అంటే గాజు పలక. పలక ఎంత పెద్దదైతే బొమ్మ అంత పెద్దది, కెమెరా పెట్టె అంత బరువు. పెట్టె, మూడు కాళ్ల స్టాండు, పలకల సామాను మోయడానికి మనుషులు వెంట ఉండాల్సిందే.

ఆ పెట్టెను జేబు దాకా దించినవాళ్లలో ముందు చెప్పుకోవలసింది ఆస్కార్ బార్నాక్‌ను. జర్మనీలోని వెట్స్‌లార్ ఊళ్లో లైట్జ్ కంపెనీ ఉద్యోగి. ఉబ్బసం మనిషి. కొండలెక్కే సరదా ఉంది కానీ పెద్ద ప్లేట్ కెమెరా మోస్తూ ఎక్కితే ఆయాసం. సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, 18×24 మిల్లీమీటర్ల సినిమా ఫ్రేములు రెండిటిని కలిపి 24×36 మిల్లీమీటర్ల ఒక్క ఫ్రేముగా వాడుకునే చిన్న కెమెరాను మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు తయారుచేసుకున్నాడు. లైకా అన్న పేరుతో అది 1925లో లైప్జిగ్ వాణిజ్య ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ఇవాళ లక్షలు పోసి కొనే ‘ఫుల్ ఫ్రేమ్’ సెన్సర్ కొలత కూడా సరిగ్గా అదే, 36×24. బరువు మోయలేని మనిషి ఎంచుకున్న బుల్లి సైజు, నూరేళ్లు తిరిగేసరికి భారీ సైజు అనిపించుకుంటోంది. తమాషా కాకపోతే ఏమిటి!

లైకా చేతికొచ్చాక వీధి ఫొటోగ్రఫీ దారే మారిపోయింది. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ కార్తియే-బ్రెసాన్ మెరిసే లోహపు భాగాల మీద నల్లటి టేపు అంటించుకుని, ఎవరి కంటా పడకుండా జనంలో తిరిగాడు. 1948 జనవరి 30న గాంధీజీని హత్యకు కొద్దిసేపటి ముందు కలిసి ఫొటోలు తీసిందీ ఆయనే. దాదాపు అవే రోజుల్లో ఢిల్లీలో హొమాయ్ వ్యారావాలా (1913-2012) బండెడు సామానుతో అదే పని చేస్తుండేవారు. దేశంలో తొలి మహిళా ఫొటోజర్నలిస్టు ఆమె. చీర కట్టుకుని, కెమెరా సరంజామా వేసుకుని, సైకిలు తొక్కుతూ నగరమంతా చుట్టేవారు. ఆవిడ వాడిన స్పీడ్ గ్రాఫిక్ కెమెరా ముందు ఇవాళ్టి కిలోన్నర కెమెరా పసిపిల్ల. కాబట్టి బరువుంటే మంచి ఫొటోలు రావనేం లేదు. ఆవిడకు అది ఉద్యోగం. మనకు అది ఆదివారం సాయంత్రం.

ఫిల్ము పోయి డిజిటల్ రావడానికి బీజం 1975లో పడింది. కొడాక్ కంపెనీలో స్టీవ్ శాసన్ అనే కుర్ర ఇంజనీరు తయారుచేసిన మొదటి డిజిటల్ కెమెరా బరువు మూడున్నర కిలోల పైమాటే. బొమ్మలో ఉన్న చుక్కలు పదివేలు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు. అక్కడినుంచి ముప్పై అయిదేళ్లలో, అంటే 2010లో, ప్రపంచవ్యాప్తంగా దుకాణాలకు చేరిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లు దాటాయని జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్క. 2023కు వచ్చేసరికి అదే లెక్క 80 లక్షల లోపుకు పడిపోయింది. మిగతావాటిని ఫోను మింగేసింది. చవకరకం బుల్లి కెమెరాలన్నీ పోగా, ఫోను చేయలేని పని ఏదో ఒకటి చేసేవే మార్కెట్లో మిగిలాయి.

మరి ఫోను చేయలేనిదేమిటి? నిజం మాట్లాడుకోవాలంటే పట్టపగలు, కదలకుండా నిలబడిన మనిషిని తీయడానికి ఫోను చాలు. వాట్సాప్‌లో పంపే ఫొటోకు ప్రత్యేకంగా కెమెరా కొనడం డబ్బు దండగ. తేడా తెలిసేది వెలుగు తగ్గినప్పుడు, ఎదుటివాళ్లు కదులుతున్నప్పుడు, దూరం నుంచి తీయాల్సివచ్చినప్పుడు, మే నెల ఎండలో స్క్రీను మసకబారి ఏమీ కనిపించనప్పుడు. ట్యూబులైటు వెలుగులో హాల్లో పరుగెత్తే రెండేళ్ల పిల్ల ఫొటోనే పరీక్ష. ఫోనులో ఆ పిల్ల చేతులు పొగలా వస్తాయి.

ఇక్కడే సెన్సర్ సైజు సంగతి వస్తుంది. పాత బుల్లి కెమెరాల్లో వాడిన సెన్సర్ వైశాల్యం దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్‌-సి రకం దాదాపు 366. ఫుల్ ఫ్రేమ్ 864. వానలో ముంతా బిందే పక్కపక్కన పెడితే ఎందులో ఎక్కువ నీళ్లు చేరతాయో చెప్పనక్కర్లేదు, వెలుగు విషయంలోనూ అంతే. మధ్యలో ‘ఒక అంగుళం సెన్సర్’ అని ఒకటి ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే అందులో అంగుళం ఎక్కడా దొరకదు. మూల నుంచి మూలకు 16 మిల్లీమీటర్లే. ఒకప్పటి టీవీ కెమెరాల్లో వాడిన గాజు గొట్టాల బయటి వ్యాసాన్ని బట్టి వచ్చిన పేరు అది. గొట్టాలు పోయాయి, పేరు పోలేదు. మొత్తం మీద బరువుకూ బొమ్మకూ మధ్య రాజీ కుదిరేది ఏపీఎస్‌-సి దగ్గర. రోజువారీ వాడకానికి ఫుల్ ఫ్రేమ్ అక్కర్లేదని గట్టిగానే చెప్పొచ్చు. బాడీ ఒక్కటీ తేలికైనది దొరకొచ్చు కానీ, దానికి తగిన జూమ్ లెన్సులు మాత్రం బరువు దిగిరావు.

మెగాపిక్సెళ్ల మోజు మరీ విచిత్రం. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. మన పెళ్లి ఆల్బముల్లో మామూలుగా కనిపించే 12×36 అంగుళాల కొలతనే తీసుకుందాం. అందులో ఒక పక్క పేజీ 12×18. అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో అచ్చువేస్తే 3600×5400, అంటే కోటీ 94 లక్షల చుక్కలు చాలు. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 2 కోట్ల 40 లక్షలు ఇస్తుంది. పెళ్లి ఆల్బము పేజీకే అది సరిపోతుంటే, ఫోను మీద చూసుకునే ఫొటోకు 40, 60 ఎందుకు? 200 మెగాపిక్సెళ్ల ఫోనుల్లో కూడా మామూలుగా తీసిన ఫొటో 12 మెగాపిక్సెళ్లదే వస్తుంది. పక్కపక్క చుక్కలను కలిపేసి ఒకటిగా లెక్కేస్తారు.

డబ్బు పెట్టాల్సింది లెన్సు మీద. కెమెరాతో పాటు వచ్చే 18-55 జూమ్ లెన్సును 55 దగ్గరికి తిప్పితే దాని కన్ను ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. చవకలో దొరికే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు లోపలికి రానిచ్చే వెలుగు దానికి తొమ్మిదిన్నర రెట్లు. రవీంద్రభారతి వేదిక మీద కూచిపూడి నర్తకి గిర్రున తిరుగుతోంది. జూమ్ లెన్సుతో 1/30 సెకను దగ్గర షట్టర్ పెట్టాల్సిన వెలుగులో, ఈ లెన్సుతో దాదాపు 1/300 పెట్టొచ్చు. మొదటి ఫొటోలో చీర అంచు ఒక రంగు మరక. రెండో ఫొటోలో కాలి గజ్జెలు లెక్కపెట్టుకోవచ్చు.

అయితే దుకాణంవాళ్లు అందరికీ అంటగట్టే ఈ ‘ఫిఫ్టీ’ విషయంలో ఒక చిక్కు ఉంది. ఏపీఎస్‌-సి కెమెరా మీద అది 75-80 మిల్లీమీటర్ల లెన్సులా పనిచేస్తుంది. కెమెరా అడ్డంగా పట్టుకుని నిలబడ్డ మనిషిని తల నుంచి పాదం దాకా ఇమిడించాలంటే ఇంచుమించు 18 అడుగులు వెనక్కి జరగాలి. రెండు పడకగదుల ఫ్లాటు హాల్లో అంత చోటెక్కడిది? వెనక్కి జరిగీ జరిగీ వీపు షోకేసుకు తగులుతుంది. నాట్యానికి, ముఖాల ఫొటోలకు ఫిఫ్టీ. ఇంటికి, వీధికి, టీ కొట్టుకు అయితే 23 నుంచి 35 మధ్యవి. కేనన్ ఆర్50 బాడీకి (375 గ్రాములు) 120 గ్రాముల 28 మిల్లీమీటర్ల లెన్సు తగిలిస్తే మొత్తం 495 గ్రాములు. పాల ప్యాకెట్టు కన్నా తేలిక, కళ్లజోడు పెట్టె కన్నా కొంచెం లావు. లెన్సు మార్చుకునే వీలు కావాలి, బరువు వద్దు అనుకునేవాళ్లకు ఇంతకంటే చక్కని జోడీ తక్కువ.

లెన్సు మార్చే బాదరబందీయే వద్దనుకుంటే రికో జీఆర్, ఫుజీ ఎక్స్100 వంటివి. రెండిటిలోనూ ఏపీఎస్‌-సి సెన్సరే. జీఆర్ త్రీ ఫోను మామూలు లెన్సుకు దగ్గరగా 28 మిల్లీమీటర్ల చూపుతో వస్తుంది. టోక్యో వీధుల్లో నలుపు-తెలుపు ఫొటోలు తీసిన దాయిదో మోరియామా దశాబ్దాలుగా చేతిలో పెట్టుకు తిరిగింది ఈ జీఆర్ వంశం కెమెరాలనే. అయితే దానికి కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు, ఒక్క చార్జింగుతో వచ్చేవి 200 ఫొటోలు. జేబులో రెండో బ్యాటరీ తప్పదు. 2024 ఫిబ్రవరిలో 1,599 డాలర్ల ధరతో వచ్చిన ఎక్స్100 సిక్స్‌లో వ్యూఫైండర్, చేయి వణుకును సర్దుకునే ఏర్పాటు, 40 మెగాపిక్సెళ్లు అన్నీ ఉన్నాయి. దానికి ముందు మోడల్ సోషల్ మీడియాలో పేరు మోగిపోవడంతో దీనికి మొదటిరోజు నుంచే క్యూలు. మంచి కెమెరాయే. కానీ ఫొటో తీయడం కన్నా మెడలో వేసుకుని ఫొటో తీయించుకోవడానికే కొన్నవాళ్లు ఎక్కువేమో అన్న అనుమానం మాత్రం ఊరికే పుట్టింది కాదు.

చేతిలో డబ్బు తక్కువైతే సెకండ్ హ్యాండ్ డీఎస్‌ఎల్‌ఆర్‌ను చిన్నచూపు చూడొద్దు. 2018లో వచ్చిన నికాన్ డి3500 కంపెనీ ఆపేసిన మోడలే కానీ, 18-55 లెన్సుతో కలిపి 620 గ్రాములు, ఒక్క చార్జింగుకు 1,550 ఫొటోలు. జీఆర్‌తో పోలిస్తే ఎనిమిదింతలు దగ్గర. పెళ్లిచూపుల నుంచి సారె దాకా ఒక్క బ్యాటరీతో లాగించేయొచ్చు. హైదరాబాద్‌లో కోఠి దుకాణాలైనా, ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌదరి మార్కెట్టయినా, పాత కెమెరా కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగాలి. ఆటోలు కొనేవాళ్లు మీటరు చూసినట్టు. ఈ తరహా చిన్న బాడీల షట్టర్ లక్షసార్లకు పరీక్షించినదైతే, నికాన్ డి850 లాంటి పెద్ద బాడీలది రెండు లక్షలు. అన్నప్రాసనకు తప్ప బయటికి తీయని ఇంటి కెమెరా, స్టూడియోలో అరిగిన కెమెరా పైకి ఒకేలా కనిపిస్తాయి. అంకె అడిగితేనే తేడా తెలుస్తుంది. బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామన్న కొత్త సరుకుకు కంపెనీ వారంటీ వర్తించదన్న సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి.

ఇక బెల్టు. స్టూడియోలవాళ్లు బెల్టు అనే అంటారు, ఆన్‌లైన్లో స్ట్రాప్ అని వెతకాలి.

పెట్టెలో వచ్చే బెల్టుకు రెండు పనులు. కెమెరా కింద పడకుండా చూడటం, కంపెనీ పేరు ఊరందరికీ చూపించడం. రెండోది మరీ శ్రద్ధగా చేస్తుంది. నల్లటి పట్టీ మీద పసుపు, ఎరుపు, తెలుపు అక్షరాలతో కంపెనీ పేరు, ఒక్కోసారి మోడల్ పేరు కూడా. రైల్వే స్టేషన్లో దొంగకు ఖరీదు చదివి వినిపించినట్టే. కార్తియే-బ్రెసాన్ టేపు అంటించి దాచుకున్నదాన్ని మనం మెడలో బోర్డు కట్టుకుని తిరుగుతాం. పొడవు కూడా మెడలో వేసుకుంటే బొజ్జ మీద కొట్టుకునేంత, భుజానికి అడ్డంగా వేసుకుంటే చాలనంత.

మెడ సంగతి లెక్కలో చూస్తే సులువు. అదే బరువు ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు పట్టీ మీద ఆనితే పడే ఒత్తిడి, నాలుగున్నర సెంటీమీటర్ల పట్టీ మీద మూడో వంతుకు తగ్గుతుంది. అందుకే పావుకిలో కెమెరాకు సన్నటి తాడు చాలు, కిలో దాటినదానికి వెడల్పు పట్టీ కావాలి. పీక్ డిజైన్ అనే అమెరికా కంపెనీ తన బెల్టులను సరిగ్గా ఇలాగే విడగొట్టింది: పెద్ద కెమెరాలకు 45 మిల్లీమీటర్ల వెడల్పుది, మధ్యరకానికి 32, బుల్లివాటికి 19. ఏ కంపెనీది కొన్నా ఈ మూడు అంకెలు గుర్తుంటే పని జరుగుతుంది. సాగే రబ్బరు లాంటి నియోప్రీన్ పట్టీలు మెడకు మెత్తగానే ఉంటాయి కానీ, నడుస్తుంటే కెమెరా గెంతుతుంది. మెట్లు దిగేటప్పుడు కడుపులో గుద్దుతుంది.

మెడలోంచి తీసి భుజానికి అడ్డంగా వేసుకుంటే సగం బాధ పోతుంది. జంధ్యం వేసుకున్నట్టు ఒక భుజం మీంచి రెండో పక్క నడుము దాకా. ఆర్టీసీ కండక్టర్లు డబ్బుల సంచీని మెడలో కాక ఇలాగే ఎందుకు వేసుకుంటారో రోజంతా బరువు మోసినవాళ్లకు తెలుసు. ఇలా వేసుకునే బెల్టుకు ఉండాల్సిన గుణాలు రెండు. చొక్కా మీద జారాలి, క్షణంలో పొడవు తగ్గించుకునే వీలుండాలి. కారు సీటుబెల్టు లాంటి నునుపైన నైలాను పట్టీ ఇందుకు బాగుంటుంది. ఫొటో తీసేటప్పుడు కెమెరా కంటిదాకా జారి రావాలి. తీయనప్పుడు పట్టీ బిగించి వీపు వెనక్కి తోసుకోవాలి. స్కూటరు మీద వెళ్లేవాళ్లకు ఆ రెండోది తప్పనిసరి. వదులుగా వేలాడే కెమెరా హ్యాండిల్‌కు తగిలిందంటే లెన్సు పోవడం చిన్న నష్టం. బస్సులో అయితే వెనక్కి కాదు, ముందుకు, చంక కిందికి.

ఇందులోనే ఇంకో జాతి ఉంది. కెమెరా అడుగున ట్రైపాడ్ బిగించే పావు అంగుళం మర కన్నానికి కొక్కెం తగిలించి, కెమెరాను తలకిందులుగా వేలాడదీసేది. బ్లాక్‌రాపిడ్ కంపెనీ పేరు దీనితోనే మారుమోగింది. చేతికి అందడం చాలా వేగం. కానీ మొత్తం బరువు ఒక్క మరచుట్టు మీద ఆధారపడుతుంది, నడిచే ఊపుకు అది నెమ్మదిగా వదులవుతుంది. దీన్ని వాడేవాళ్లకు గంటకోసారి బొటనవేలితో ఆ మరను తడిమి చూసుకునే అలవాటు ఉంటుంది. లేకపోతే అలవరచుకోవాలి.

తెలుగు పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లది వేరే లోకం. రాత్రి రెండింటి ముహూర్తానికి మంటపం మీద ఒక బాడీకి 24-70, రెండో బాడీకి 70-200. సోనీ రెండో తరం లెన్సుల లెక్కన చూసినా రెండు జతలూ కలిపి మూడు కిలోలు. జీలకర్ర-బెల్లం నుంచి అప్పగింతల దాకా ఏడెనిమిది గంటలు. ఒక్క భుజం మీద అంత బరువు నిలవదు. అందుకే చాలామంది స్కూలు సంచీలా రెండు భుజాలకూ తగిలించుకునే తోలు హార్నెస్‌లోకి మారారు. చెరో పక్కా ఒక కెమెరా, కౌబాయ్ సినిమాలో తుపాకుల్లా. తలంబ్రాలు పోస్తున్నప్పుడు లెన్సు మార్చుకుంటూ కూర్చుంటే ఆ ఘడియ మళ్లీ రాదు కనుక రెండు బాడీలు వాళ్లకు ఆడంబరం కాదు. ఇంటి ఫొటోలవాళ్లకు మాత్రం హార్నెస్ అనవసరం.

అరకిలోకు లోపు కెమెరా అయితే అసలు పొడుగు బెల్టే వద్దు. మణికట్టుకు వేసుకునే చిన్న పట్టీ చాలు. చేతిలో కెమెరా ఉన్నవాడు మెడలో కెమెరా ఉన్నవాడి కన్నా ఎక్కువ ఫొటోలు తీస్తాడన్నది వీధి ఫొటోలు తీసేవాళ్ల మాట. మెడలోది అలంకారమై వేలాడుతుంటుంది, చేతిలోదాన్ని వేలు ఊరుకోనివ్వదు. చార్మినార్ పక్క లాడ్ బజారులో గాజుల బేరాలు చూస్తూ నడిచేవాళ్లకు ఇది సుఖం. కాకపోతే రెండో చేతిలో కూరగాయల సంచీ, వేలు పట్టుకున్న పిల్లాడు ఉంటే కుదరదు. అప్పుడు మళ్లీ కండక్టరు పద్ధతే.

పట్టీ ఎంత గట్టిదైనా తెగేది కెమెరాతో కలిసే చోట. ఫుజీ ఎక్స్100, లైకా లాంటి వాటి చెవులకు గుండ్రటి చిన్న కన్నాలుంటాయి. వాటికి తాళంచెవి గుత్తి లాంటి రింగు తొడగాలి. ఆ రింగు బాడీకి రాసుకుని పెయింటు గీరకుండా మధ్యలో చిన్న తోలు బిళ్ల ఉంటుంది, దాన్ని పారేయకూడదు. గోళ్లు విరగ్గొట్టుకోకుండా రింగు తెరవడానికి ఫుజీవాళ్లు ఒక ప్లాస్టిక్ ముక్క కూడా పెట్టెలో వేస్తారు, అది చెత్త అనుకుని పడేసేవాళ్లే ఎక్కువ. టక్కున ఊడదీసే రకం కావాలంటే పీక్ డిజైన్ యాంకర్లు, సన్నటి దారానికి బిళ్ల కట్టినట్టుంటాయి. 90 కిలోలు ఆపుతుందని కంపెనీ చెబుతుంది. దారం అరిగితే లోపలి వేరే రంగు బయటపడుతుంది, అది కనిపించగానే మార్చేయాలి. అచ్చం అలాగే కనిపించే నకళ్లు ఆన్‌లైన్లో ఇన్నూటికీ మున్నూటికీ దొరుకుతున్నాయి. లక్ష రూపాయల కెమెరాను వాటికి వేలాడదీసేవాళ్ల గుండెధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఊడదీసే వీలు ఉంటే బాగుండుననిపించే చోట్లు మనకు చాలానే ఉన్నాయి.  ట్రైపాడ్ మీద పెట్టి ఫొటో తీసేటప్పుడు గాలికి ఊగే బెల్టు కెమెరాను వణికిస్తుంది. ఇంట్లో టేబుల్ మీద పెట్టినప్పుడు అంచు కిందికి వేలాడే బెల్టు మరీ ప్రమాదం. పాకే పిల్లలకు అది లాగడానికే పుట్టిన తాడు.

మామూలు బెల్టునైనా సరిగ్గా కడితే చాలావరకు భయం లేదు. కొన చెవిలోంచి దూర్చి, వెనక్కి తెచ్చి, ప్లాస్టిక్ పట్టులోంచి, ఆపైన బకిల్‌లోంచి లోపలివైపుకు పోనివ్వాలి. కొన బయటికి తోకలా కనిపించకూడదు. లోపల కనీసం రెండు అంగుళాలు మిగలాలి. కొత్త నైలాను జారుతుంది కాబట్టి మొదటి వారం రోజూ ఒకసారి లాగి చూడాలి.

బెల్టు ఎంపికలో మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తోలు బెల్టు ఫొటోల్లో అందంగా ఉంటుంది కానీ, మే నెలలో విజయవాడ బీసెంట్ రోడ్డులో రెండు గంటలు తిరిగితే చెమట తాగి, ఆరాక తెల్లటి ఉప్పు చారలు తేలుతుంది. వానాకాలం బీరువాలో పెడితే బూజు. ఉతుక్కోదగిన నూలు, నైలాను పట్టీలే ఇక్కడివాళ్లకు అచ్చొస్తాయి. కెమెరాకూ ఎండ పడదు. చాలా కెమెరాల కరదీపికల్లో 0 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమని రాసి ఉంటుంది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి దాన్ని ఎప్పుడో దాటిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో లెన్సు లోపల సాలెగూడులా ఫంగస్ అల్లుకుంటుంది. తేమ 40-50 శాతం మధ్య ఉంచితే అది రాదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా మాత్రం వద్దు, తవుడు దుమ్ము లెన్సు కన్నాల్లోకి పోతుంది.

దుమ్ము మాటొస్తే ములుగు జిల్లా మేడారం గుర్తుకు రాక తప్పదు. రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరలో లక్షల పాదాల కింద లేచే దుమ్ములో లెన్సు మార్చడమంటే సెన్సర్‌కు మట్టి పూయడమే. పోనీ లెన్సు ఊడని కెమెరా తీసుకెళ్దామంటే అదీ పూర్తి అభయం కాదు. జీఆర్ లెన్సు ఆన్ చేసినప్పుడల్లా బయటికొచ్చి, ఆపగానే దుమ్మును వెంటేసుకుని లోపలికి పోతుంది. ఎక్స్100 సిక్స్‌కు వానా దుమ్మూ ఆగాలంటే ముందు విడిగా ఒక రింగు, దాని మీద ఫిల్టరు బిగించుకోవాలి. అలాంటి జనంలో ఒకే లెన్సు, ముందు ఫిల్టరు, పొట్టిగా బిగించి ఎదకు హత్తుకున్న బెల్టు. ఇంతకన్నా ఎక్కువ పట్టుకెళ్లినవాళ్లు అక్కడ బంగారం అని పిలిచే బెల్లాన్ని సమర్పించినట్టు సామాను కూడా సమర్పించి రావాల్సివస్తుంది.

కొనేముందు ఖర్చులేని పరీక్ష ఒకటుంది. లీటరు నీళ్ల సీసాను గుడ్డసంచీలో వేసి, సంచీ పట్టీని మెడలో వేసుకుని ఆదివారం రైతుబజారుకు వెళ్లి రావడం. ఆ సీసా డి850 బాడీ ఒక్కదాని బరువు, లెన్సు లేకుండా. రెండోసారి అరలీటరు సీసాతో, భుజానికి అడ్డంగా. ఇంటికొచ్చాక ఏ సీసాను ముందు దించాలనిపించిందో దాన్ని బట్టి దుకాణంలో ఏ అర ముందు నిలబడాలో తెలిసిపోతుంది. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనివ్వండి.

కంపెనీ బెల్టును ఏంచేయాలన్నది ఒక్కటే మిగిలింది. ఆన్‌లైన్లో పాత కెమెరాల ప్రకటనలు చూస్తే జవాబు దొరుకుతుంది. బాక్సు ఉంది, బిల్లు ఉంది, చార్జరు ఉంది అని రాసి, చివర్లో గర్వంగా ఇంకో ముక్క చేరుస్తారు: ‘బెల్టు కవరు విప్పలేదు.’ కాస్త కిందికి దిగితే షట్టర్ లెక్క కూడా ఉంటుంది. నాలుగేళ్ల కెమెరా, పదకొండు వందల ఫొటోలు.